గాసునూనె సీసా, ఇస్పిరిటు సీసా

మా ఇంటి పైఅంతస్తులో అద్దెకుండే పిల్లగాడు డిచ్‌పల్లి యూనివర్సిటీలో చదువుతాడు. రెండు రోజులు సెలవు దొరికితే చాలు, వీపుకు సంచి తగిలించుకొని దోస్తులతో గుట్టలెక్కడానికి పోతాడు. మొన్న ఆదివారం నిజామాబాద్‌లోనే పాత సామాన్ల దుకాణంలో దొరికిందని ఒక ఇత్తడి పంపు స్టవ్వు తెచ్చి నా ముందర పెట్టాడు. మూడు కాళ్లు, పొట్టకొక సొట్ట, పంపు కడ్డీ చుట్టూ పచ్చటి చిలుము.

"తాతా, ఇది ఎట్ల అంటుకుంటది?" అన్నాడు.

అడిగాడు, సంతోషం. నేను నోరు తెరిచేలోపే ఫోను తీసి, ఎవరో గడ్డపాయన మంచుకొండల మధ్య కూర్చొని అటువంటి స్టవ్వునే వెలిగిస్తున్న వీడియో పెట్టాడు. ఆయన ఒక్క ముక్క కూడా తప్పు చెప్పలేదు. తప్పు చెప్పి ఉంటే నాకు అంత మండేది కాదు. ఈ స్టవ్వు గురించి నేను జన్మంతా మోసుకు తిరిగిందంతా ఆయన నాలుగు నిమిషాల్లో చెప్పేశాడు. ఈ పిల్లగాడు నా ముఖం చూడకుండా ఆయన ముఖమే చూస్తున్నాడు.

"ఆయననే రమ్మనకపోయినవా, నన్నెందుకు అడుగుడు?" అన్నాను.

"ఆయనకు తెలుగు రాదు కద తాతా," అన్నాడు వాడు నవ్వుతూ.

సరే, ముందు గాసునూనె పట్టుకురమ్మని పంపాను. గంటకు ఒట్టి చేతులతో వచ్చాడు. సిలిండర్లిచ్చే ఆఫీసుకు పోయి "గ్యాసు నూనె ఉన్నదా" అని అడిగాడట. వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారట. మా వైపు గాసునూనె అంటే కిరోసిన్. ఇంటింటా ఉండిన మాట, ఇప్పుడు చెబితే అర్థమయ్యేవాళ్లు మా గల్లీలో నలుగురుంటే గొప్ప. రేషన్ దుకాణంలో అడిగితే "గది బంద్ వెట్టి ఎన్నేండ్లాయె" అన్నారట.

"పెట్రోలు పోస్తే కాదా తాతా?"

"పోసుకో. గుట్ట మీదికి నువ్వు నడిచిపోతవు. కిందికి నిన్ను నలుగురు మోసుకొస్తరు."

డీజిలు పోస్తే మసి కమ్ముతుంది. థిన్నరు పోస్తే మంట ఎటు లేస్తుందో చెప్పలేం. చివరికి రంగుల దుకాణంలో, బ్రష్షులు కడుక్కోవడానికి అమ్మే కిరోసిన్ సీలుడబ్బా దొరికింది. స్పిరిటు కూడా అక్కడే దొరికింది. పంపు లోపలి తోలు వాషరు ఎండి అట్టలాగా అయితే ఒక పూట నూనెలో నానబెట్టించాను. మరలన్నీ బిగించి, సబ్బు నురుగు పూయించి, ఎక్కడైనా బుడగ వస్తుందేమో చూపించాను. టాంకీ ముప్పాతికకు మించి నింపనివ్వలేదు, లోపల గాలికి చోటుండాలి. మేడ మీద గదిలో వద్దని, వాకిట్లో సమంగా ఉన్న బండ మీద పెట్టించి, పక్కన ఇసుక బకెట్టు పెట్టించాను. టాంకీలోని గాలిని వదిలే గాలిమర విప్పి ఉంచి, పైన మంట వచ్చే తల కింద ఉండే చిన్న గిన్నెలో స్పిరిటు పోయించి, అగ్గిపుల్ల గీయమన్నాను.

ఎండలో కంటికి సరిగా కనిపించని నీలిమంట లేచింది. దాని వాసన, కొంచెం తీపి, కొంచెం దవాఖానా, ముక్కుకు తగలగానే ఆ పిల్లగాడి మీద నాకున్న కోపం పోయింది. ఆ చోట్లోకి చాలా పాతది ఒకటి వచ్చి కూర్చుంది. దానికి నేను ఇన్నేళ్లూ రకరకాల పేర్లు పెట్టుకున్నాను గానీ, అసలు పేరు ఈర్ష్య.

అప్పుడు మేము బోధన్‌లో ఉండేవాళ్లం. చక్కెర ఫ్యాక్టరీ నడవడం మొదలైన నాటి నుంచి ఊరంతా ఒకటే వాసన, కాగుతున్న చెరుకు రసానిది, దాని వెనక పులిసిన మడ్డిది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన లేని నెలల్లో ఊరికి జ్వరం వచ్చినట్టుండేది. మా అవ్వ, అంటే అమ్మ, పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టేది. ఇంటి నిండా తునికాకు, తంబాకు. అన్నం కూడా తంబాకు వాసన వస్తుందని నేను ఏడిస్తే, "గా వాసన రాకుంటె అన్నమే రాదు, తిను" అనేది.

మా బాపుకు చెరుకు తోటల మీద పని. ఏ ఊళ్లో ఎవరి తోట పక్వానికి వచ్చింది, ఏది ముందు కొట్టించాలి అని చూసి రాసుకునే సాబు ఒకాయన ఉండేవాడు. ఆయన వెంట కొలత గొలుసు పట్టుకొని నడవడం, గడ విరిచి తీపి చూసి చెప్పడం బాపు ఉద్యోగం. తీపి చూడడానికి సాబు దగ్గర దుర్భిణి లాంటి పరికరం ఒకటి ఉండేదట. అయినా బాపు నాలుక చెప్పిందే ముందు అడిగేవాడట. ఫ్యాక్టరీ నడిచే నాలుగైదు నెలలు బాపు రుద్రూర్ వైపు ఏదో ఒక ఊళ్లో గది తీసుకొని ఉండేవాడు. దాన్ని క్యాంపు అనేవాడు.

మా వైపు క్యాంపు అంటే ఇంకొకటి కూడా ఉంది. కాలువ నీళ్లు చూసి కోస్తా నుంచి వచ్చి, పొలాలు కొనుక్కొని స్థిరపడ్డవాళ్ల ఊళ్లను కూడా క్యాంపులే అంటాం. నేను రెండూ ఒకటే అనుకున్నాను. పెంకుటిళ్లు, గడ్డపెరుగు, జాడీల నిండా ఆవకాయ, వాటి మధ్య మా బాపు బాసింపట్టు వేసుకొని కూర్చొని తింటున్నాడని ఊహించుకొని కుళ్లుకునేవాణ్ణి. అక్కడ ఆయన తినేది చల్లారిన జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ అని నాకు తెలియదు. ప్రతి ఏడూ కడుపునొప్పితో తిరిగొచ్చేవాడు. ఆవకాయ ఎక్కువ తిన్నాడనుకునేవాణ్ణి.

ఆ ఏడు సాబు బదిలీ మీద పోతూ తన స్టవ్వు బాపుకిచ్చిపోయాడు. కాళ్లు ఊడదీసి, తల విప్పి, ఒక చెక్కపెట్టెలో సర్దుకునేది. బాపు దాన్ని ఇంటికి తెచ్చి చింతపండుతో తోమితే గల్లీలో ఆడవాళ్లంతా పని వదిలి చూడడానికి వచ్చారు.

"ఈసారి క్యాంపుకు ఒకల్ని తోల్కపోత," అన్నాడు బాపు అవ్వతో. "ఇంత అన్నం, ఇంత చాయ చేసెటోళ్లుంటె సాలు."

అవ్వ పోలేదు, పోతే బీడీలు ఆగిపోతాయి. ఇక మిగిలింది ఇద్దరం. నేను, అక్క.

అక్క నా తోడబుట్టింది కాదు, మా పెద్దబాపు బిడ్డ. పెద్దబాపు, పెద్దవ్వ ఒకే ఏడు పోతే ధర్పల్లిలో మేనమామ దగ్గర కొన్నాళ్లుండి, అక్కడ పొసగక మా ఇంటికి వచ్చింది. నాకంటే నాలుగేళ్లు పెద్దది. నాకప్పుడు పదేళ్లనుకుంటాను. ఆమె వచ్చేదాకా ఇంట్లో పిల్లలంటే నేనొక్కణ్ణే. బాపు పక్కన పీట నాది. ఆయన చాయ గ్లాసులో అడుగున కరగకుండా మిగిలే చక్కెర నాది. ఆమె వచ్చాక బాపు ఆ చక్కెరను వేలితో రెండు పాళ్లు చేసి ఇద్దరికీ ఇచ్చేవాడు. అది న్యాయమని నాకూ తెలుసు. న్యాయమే నాకు నచ్చలేదు. పైగా ఆమె తన పాలు తీసుకునేది కూడా కాదు.

"వద్దు కాకా, తమ్మికియ్యి," అనేది.

అప్పుడు మొత్తం చక్కెర నాకే దొరికేది. బాపు చూపు మాత్రం ఆమె మీద ఆగేది. నేను ఆ చక్కెర చప్పరిస్తూ ఆ చూపు వంకే చూసేవాణ్ణి. దాని ముందు చక్కెర చప్పగా ఉండేది.

ఆమెకు లేనిది, నాకున్నది ఒకటే, చదువు. అది కూడా మూడో తరగతి దాకే. ఆ తర్వాత పొట్లాల కాగితాలు, గోడల మీది ప్రకటనలు, బీడీ కట్టల మీది చీటీలు చదివి నేర్చుకున్నదే ఇవాళ నా చేత ఇది రాయిస్తున్నది. ఆ పైన ఏ పంతులూ నాకు చెప్పింది లేదు, ఏ పంతులుకూ నేను రుణపడి లేను. అక్కకు ఒక్క అక్షరం రాదు. బాపుకు కూడబలుక్కుంటే వచ్చేది. నేను గడగడా చదువుతుంటే పని ఆపి వినేవాడు.

సాబు పోతూ ఒక జాగ్రత్త చెప్పిపోయాడట. బాపు దాన్ని మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"రెండు సీసాలు ఒక్క తీరుగున్నయి. గాసునూనె టాంకిల వొయ్యాలె. ఇస్పిరిటు పైన గిన్నెల, ఇంతంత వొయ్యాలె, తల వేడెక్కెటందుకు. ఇండ్లది అండ్ల, అండ్లది ఇండ్ల వోసినమంటె ఇగ చెప్పుకునెటందుకు మనిషి మిగలడు. పేర్లు రాసి అంటువెట్టుమన్నడు సాబు. కొడుకా, నువ్వు రాయి."

రెండూ దవాఖానాలో మందు పోసిచ్చే ముదురు రంగు సీసాలు. లోపల ఏముందో బయటికి కనిపించదు. నేను నోటుబుక్కు కాగితం చింపి, ఒకదాని మీద గాసునూనె అని, ఇంకొకదాని మీద ఇస్పిరిటు అని గుండ్రంగా రాసి, అన్నం మెతుకులతో అంటించాను. బాపు వేలు పెట్టి, "గా, సు, నూ, నె" అని చదువుకొని నా తల నిమిరాడు. అక్క ఆ చీటీల వైపు చూసి, బీడీల చాట ముందుకు జరుపుకొంది. నా బతుకులో అంత సంతోషంగా గడిచిన పూటలు చాలా తక్కువ.

మర్నాడు స్టవ్వు మొదట నా చేతికే ఇచ్చాడు.

"ఇస్పిరిటు కాలిపోవస్తుంటె అప్పుడు గాలిమర బిగియ్యాలె. అందాక ఆగాలె. తల వేడెక్కకముందు పంపు గొడితె నూనె నూనె లెక్కనే వస్తది."

ఆగడం నా చేత కాలేదు. గిన్నెలో మంట ఇంకా నిండుగా ఉండగానే మర బిగించి, బలం కొద్దీ పది సార్లు పంపు కొట్టాను. పసుప్పచ్చటి మంట మనిషెత్తు లేచింది. దండెం మీద ఆరేసిన అవ్వ చీర కొంగు మాడింది. అవ్వ తునికాకుల చాటను గుండెకు పట్టుకొని గోడవారకు జరిగింది. బాపు ఒక్క అంగలో వచ్చి గాలిమర విప్పాడు. సుయ్యిమని గాలి పోయి మంట కూలబడింది. దూలం నిండా మసి.

"వీని చేతికిస్తె ఇల్లు గాలవెడ్తడు," అన్నది అవ్వ. "ఇగ దాన్ని ముట్టు, నీ చెయ్యి ఇరగ్గొడ్త."

ఆ మధ్యాహ్నం బాపు అక్కను పిలిచాడు. నేను గడప మీద కూర్చొని చూశాను. ఆమె మోకాళ్ల మీద గడ్డం పెట్టుకొని ఆ నీలిమంటనే చూసింది. మంట గిన్నె అంచుకు దిగి రెపరెపలాడేదాకా చూసింది. అప్పుడు మర బిగించి, మెల్లగా మూడు సార్లు పంపు కొట్టింది. స్టవ్వు గొంతు సవరించుకున్నట్టు రెండు సార్లు కొట్టుకొని, హోరు అందుకుంది. గుండ్రటి నీలిమంట, పొగ లేదు, మసి లేదు.

"వారెవ్వ బిడ్డా," అన్నాడు బాపు.

చీటీలు రాసినప్పుడు నా తల నిమిరాడు గానీ, ఆ మాట అనలేదు.

"ఎల్లుండి పోతున్నం క్యాంపుకు. రేపు అవ్వ ముంగట ఇంకొక్కపారి పెట్టి చూపెట్టు. అవ్వ సరే అంటె నాతోని నువ్వే."

"మరి నేను?" అన్నాను.

"నువ్వు వచ్చే యేడు."

"తమ్మిని గూడ రానీ కాకా," అన్నది అక్క.

అదీ ఆమె పద్ధతి. నాకు కావలసింది నా కోసం ఆమె అడిగేది. దానితో అది ఆమె ఇచ్చిందే అయ్యేది.

మర్నాడు అవ్వ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు, అక్క నీళ్లకు పోయినప్పుడు నేను చెక్కపెట్టె తెరిచాను. తడిబట్ట పెడితే చీటీలు మెత్తగా ఊడొచ్చాయి. ఇస్పిరిటు చీటీని గాసునూనె సీసాకు, గాసునూనె చీటీని ఇస్పిరిటు సీసాకు అంటించాను. నేను అనుకున్నది చాలా చిన్నది. ఆమె ఇస్పిరిటు అనుకొని గిన్నెలో గాసునూనె పోస్తుంది. అది సరిగా అంటదు, అంటినా మసి లేస్తుంది, అవ్వ ఆమెను కూడా తిడుతుంది. క్యాంపుకు ఎవరూ పోరు, లేదా నేను పోతాను. రెండో సీసా టాంకీలోకి పోతుందన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

ఆ సాయంత్రం అవ్వ, బాపు చెరొక పక్కన కూర్చున్నారు. టాంకీలో నిన్నటి నూనె ఉంది. అక్క పెట్టె తెరిచి ఒక సీసా తీసింది. బిరడా లాగి ముక్కు దగ్గర పెట్టుకొంది. దాన్ని పక్కన పెట్టి రెండోది తీసి వాసన చూసింది. దాన్నే గిన్నెలో పోసింది. నీలిమంట లేచింది. ఆ తర్వాత అన్నీ నిన్నటిలాగే జరిగాయి.

అప్పుడు నాకు తట్టింది. ఆమె ఆ చీటీలను నమ్ముకొని ఒక్కనాడూ సీసా తీసి ఉండదు. అక్షరం రాని మనిషిని అక్షరాలతో మోసం చేద్దామనుకున్నాను. చదువుకున్నవాడు తప్ప ఇంకెవరూ చేయలేని తెలివితక్కువ పని.

అవ్వ చాయ తాగి గ్లాసు బోర్లించి, "దీన్నే తోల్కపో. నోరు లేదు, చెయ్యి ఉన్నది," అన్నది.

నేను ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున వాళ్లు బయల్దేరుతుంటే దుప్పటి ముసుగు తీయలేదు. బాపు వచ్చి పక్కన కూర్చొని, "కొడుకా, పోయొస్త," అన్నాడు. నిద్ర నటించాను. ఆయన కాసేపు కూర్చొని లేచిపోయాడు. పెట్టె మోసుకుపోతున్నది అక్కే అని పిడి చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది. చీటీలు నేను అంటించినవి అంటించినట్టే ఆ పెట్టెలో పోయాయి. నేను వాటిని తలచుకోలేదు. బాపు పక్కన కూర్చొని ఆమె తినబోయే ఆవకాయను తలచుకుంటున్నాను.

మూడు రోజులు అట్లాగే గడిచాయి. పొద్దంతా ఫ్యాక్టరీ గేటు దగ్గర తిరిగేవాణ్ణి. చెరుకు బండ్లు మైలు పొడుగునా బారులు తీరి ఉండేవి. వెనక నుంచి గడ లాగడం, బండివాడు చెర్నాకోల ఎత్తితే పారిపోవడం, కాలువ గట్టున కూర్చొని పెదవులు తెగేదాకా నమలడం. నాలుగో రోజు పొద్దున గేటు ఎదుట చాయ హోటలాయన దగ్గర నిలబడ్డాను. ఆయన దగ్గర కూడా మా దానిలాంటి స్టవ్వే, కొంచెం పెద్దది. గ్లాసులు కడుగుతుంటే ఆయన ఎడమ చెయ్యి చూశాను. మోచేతి దాకా తోలు కరిగి మళ్లీ అతుక్కున్నట్టుంది.

"గీ చెయ్యేమైంది?" అని అడిగాను.

"కాలింది."

"నీళ్లా?"

"ఇస్పిరిటు. గాసునూనె అనుకొని టాంకిల వోసిన. గిట్ల అంటువెట్టి పంపు గొట్టిన్నో లేదో, గంతే. దేవుని దయ, మొకం మీదికి రాలే." గ్లాసు దులిపి బోర్లించాడు. "సీసా మీద పేరు రాసిపెట్టుకుంటె గిట్ల గాకపోవు. మనకు చదువెక్కడిది. నువ్వు చదువుకుంటున్నవా?"

ఆయన సీసా మీద పేరు అనగానే నాకు మా బాపు వేలు కనిపించింది. గా, సు, నూ, నె. క్యాంపులో అందరికంటే ముందు లేచేది ఆయన. అక్క లేవకముందే తన చాయ తాను పెట్టుకుంటాడు. టాంకీ నిండుకుంటే తానే నింపుతాడు. ఆయన వాసన చూడడు. చీటీ చదువుతాడు. నా రాతను నమ్మే మనిషి లోకంలో ఆయనొక్కడే.

అవ్వకు చెప్పలేదు. చెబితే ముందు నేను చేసింది చెప్పాలి. చెరుకు దించేసి ఖాళీగా పోతున్న బండ్ల వెంట పరుగెత్తి, రుద్రూర్ వైపు ఊరికి పోయే ముసలాయన బండి ఎక్కాను. ఆయన ఎడ్లతో మరాఠీలో మాట్లాడేవాడు, నాతో తెలుగులో.

"ఎవలి పోరనివిరా? ఇంట్ల చెప్పి వస్తున్నవా?"

"మా బాపు దగ్గరికి పోతున్న. జల్ది తోలు తాతా."

"ఎడ్లు తెల్లారంగనుంచి గుంజుతున్నయి. నీకంత తొందరైతె దిగి ఉరుకు."

దిగి ఉరికాను. ఊపిరి ఆడక రోడ్డు పక్కన కూలబడితే బండి వచ్చి కలిసింది. మళ్లీ ఎక్కాను. మళ్లీ దిగాను. దారి పొడుగునా రెండు పక్కలా తోటలు. గాలికి ఆకు గీసుకునే చప్పుడు స్టవ్వు హోరులాగే వినిపించింది. ఎక్కడ పొగ లేచినా అది మా బాపు గదే అనుకున్నాను. మొక్కని దేవుడు లేడు. బాపు బతికి ఉంటే అక్కకు జన్మలో ఎదురు చెప్పనని, చక్కెరంతా ఆమెకే ఇస్తానని మొక్కాను. ఆఖరికి ఊరి పొలిమేరలో బండి దిగి, ఒక పొలం అడ్డంగా దాటి, మధ్యాహ్నానికి ఆ గది ముందుకు చేరాను.

బాపు గడప మీద కూర్చొని చాయ తాగుతున్నాడు.

నన్ను చూసి గ్లాసు కింద పెట్టాడు. "కొడుకా. నడిచొచ్చినవా?"

ఏడుపు వచ్చింది. ఆయన లేచి వచ్చి నన్ను ఎత్తుకున్నాడు. పదేళ్లవాణ్ణి, కాళ్లు కిందికి వేలాడుతున్నాయి.

"బాపు లేక ఉండలేకపోయినవా? గింత దూరం నడిచొచ్చినవా నా కోసం?"

నేను తల ఊపాను. ఆ ఒక్క ఊపు ఊపకుండా ఉండవలసింది.

బాపు నన్ను దించి, ఊళ్లో బెల్లం వండుతున్న చోటికి వేడి బెల్లం తేవడానికి పరుగెత్తాడు. కనిపించిన ప్రతివాడికీ "నా కొడుకు బోధన్ నుంచి నడిచొచ్చిండు" అని చెప్పుకుంటూ పోతున్నాడు. అక్క గదిలో బియ్యం కడుగుతున్నది. గూట్లో రెండు సీసాలున్నాయి. వాటికి చీటీలు లేవు. ఒకదాని మెడకు మాత్రం ఎర్ర బీడీదారం కట్టి ఉంది.

"చీటీలేవి?" అన్నాను.

"పొయ్యిల వెట్టిన."

"ఎప్పుడు?"

"వచ్చిన తెల్లారే. నేను లేసేవరకు కాక గాసునూనె అని చదువుకుంట మూత తీసి టాంకిల వంచుతున్నడు. వాసన వచ్చింది. చెయ్యి వట్టుకున్న." బియ్యం నీళ్లు వంపింది. "దారం గట్టింది ఇస్పిరిటు. చీకట్ల గూడ చేతికి తెలుస్తది."

"బాపుకేం చెప్పినవు?"

"ఊడిపోతె నేనే అంటుపెట్టిన, తప్పు పెట్టినట్టున్న అని చెప్పిన. నాకు చదువు రాదు గదా. నమ్మిండు."

"తిట్టిండా?"

"ఒక్కటి కొట్టిండు," అన్నది ఆమె చెంప వైపు చెయ్యి పోనీయకుండానే. తర్వాత నా వైపు చూసింది. వచ్చినప్పటి నుంచి మొదటిసారి. "నీకు రాసుడు వస్తది తమ్మీ. నాకు వాసన వస్తది. గంతే."

బాపు బతికున్నాడు. నేను ఎగిరి గంతెయ్యాలి, ఆమె కాళ్లు మొక్కాలి. దారి పొడుగునా మొక్కిన మొక్కులు ఇంకా నోట్లో పచ్చిగానే ఉన్నాయి. అయినా రాయకపోతే అబద్ధమవుతుంది కాబట్టి రాస్తున్నాను. నాకు ఆ క్షణాన కలిగింది ఈర్ష్య. బాపును కాపాడింది ఆమె. నేను అంత దూరం వచ్చేసరికి కాపాడడానికి ఏమీ మిగల్చలేదు. అది ఒకటి. బాపు జన్మలో నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. కొట్టవలసిన ఆ ఒక్క దెబ్బ కూడా ఆమెకే ఇచ్చాడు.

బాపు మోదుగాకులో వేడి బెల్లం తెచ్చి, ఊదుతూ నా నోట్లో పెట్టాడు. అక్కకు కూడా ఇవ్వబోయాడు.

"వద్దు కాకా," అన్నది ఆమె.

నేను తిన్నాను. మొత్తం తిన్నాను.

వారం రోజులు అక్కడే ఉన్నాను. పెంకుటిల్లు లేదు, ఆవకాయ లేదు. తాటాకు కప్పు, ఒక నులక మంచం, పప్పు, అన్నం. ఆ ఏడు బాపుకు కడుపునొప్పి రాలేదు.

తర్వాత బాపు ఎన్ని ఊళ్లకు పోయినా, ఏ పెళ్లికి పోయినా ఆ ముచ్చట చెప్పేవాడు. ఏళ్లు గడిచేకొద్దీ అది పెరిగింది. మొదట ఆరు కోసులు, తర్వాత ఎనిమిది. మొదట చెప్పుల్లేవు, తర్వాత ఎండాకాలం, తర్వాత కాళ్ల నుంచి నెత్తురు. వినేవాళ్లు నా వైపు మెచ్చుకోలుగా చూసేవాళ్లు. అక్క ఎప్పుడూ ఆ చుట్టుపక్కలే ఉండేది, బియ్యంలో రాళ్లేరుతూనో, ఎవరి బిడ్డనో ఆడిస్తూనో. ఒక్కసారి కూడా తలెత్తలేదు. తలెత్తి నవ్వినా బాగుండేది. నా మెప్పు ఆమె నోట్లో ఉంది, ఎప్పుడు ఉమ్మేస్తే అప్పుడు పోతుంది అనుకుంటూ నేను పెద్దవాణ్ణయ్యాను. ఆమెకు రుద్రూర్ పక్కనే పెళ్లయింది. పండుగలకు వచ్చేది. బాపు ఆమె గాజుల చప్పుడు వింటేనే లేచి కూర్చునేవాడు. నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా అది చూడలేక వాకిట్లోకి లేచిపోయేవాణ్ణి.

బాపు పోయిన పదో దినం అందరూ కూర్చొని ఉన్నారు. ఎవరో మళ్లీ ఆ ముచ్చట ఎత్తారు. అవ్వ తరఫు చుట్టం ఒకాయన, కొంచెం తిక్కమనిషి, "పదేండ్ల పోరడు బోధన్ నుంచి రుద్రూర్‌కు నడుస్తడా? ఏమో గాని, మా బావ జరంత పెంచి చెప్పిండు," అన్నాడు.

బాపు లేడు కదా, ఇక ఎవరి కోసం అనుకున్నాను. "నిజం చెప్పాల్నంటె," అని మొదలుపెట్టాను.

"నడిచే వచ్చిండు," అన్నది అక్క పక్క గదిలోంచి. "కాళ్లు కడిగింది నేనే. బొబ్బలు గూడ నేనే చూసిన."

అందరూ నా కాళ్ల వైపు చూశారు. నేను ధోవతి అంచు కిందికి లాక్కున్నాను.

సాయంత్రం ఆమెను ఆటో ఎక్కిస్తూ అడిగాను, "గట్లెందుకు చెప్పినవు? నేను బండి మీద వచ్చిన. చీటీలు నేనే మార్చిన. నన్ను చెప్పనియ్యకపోయినవా?"

ఆమె కొంగు సర్దుకొని కూర్చుంది. కోపం లేదు, నవ్వు లేదు. "గా ముచ్చట కాకది తమ్మీ. నీది గాదు. మార్చెటందుకు నువ్వెవనివి?"

ఆటో కదిలింది.

ఆమె పోయి కూడా మూడేళ్లవుతోంది. బాపు నిజం తెలియకుండానే పోయాడు, ఆమె చెప్పకుండానే పోయింది. ఇక మార్చవద్దని అడ్డుపడేవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఇవాళ ఇది రాసి మార్చాను. మంచితనం పుట్టుకొచ్చి మార్చానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఆ ముచ్చటలో నడక, బొబ్బలు, నెత్తురు ఏవీ నావి కావు, వాటిని ఎవరైనా తీసుకోవచ్చు. ఆ తెల్లవారుజామున బాపు చెయ్యెత్తి కొట్టిన దెబ్బ ఒకటుంది. అది నాది. ఇన్నేళ్లూ ఆమె దగ్గర ఉండిపోయింది. నాది నాకు రావాలి.